అల్ కుసైస్ క్యాంపులో టాంజానియా మాస్టారు

పరాయి దేశాల చరిత్ర కన్నా వాళ్ళ భోజనాల మీదే నాకు ఆసక్తి ఎక్కువ. నెల్లూరు నుంచి వచ్చి అబుదాబిలో స్టోర్‌కీపరుగా చేరాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. అందుకే 2023 డిసెంబర్‌లో లింగన్న ఫోన్ చేసి, తమ క్యాంపులో టాంజానియా వాళ్ళ స్వాతంత్ర్య వేడుక ఉంది రమ్మంటే వెంటనే సరేనన్నాను. లింగన్నది జగిత్యాల వైపు పల్లె. దుబాయ్ అల్ కుసైస్‌లోని కార్మికుల క్యాంపులో మనవాళ్ళ మెస్‌కు వంట చేస్తాడు. అసలు సంగతి చివర్లో చెప్పాడు. సాయంత్రమైతే పొయ్యిల కోసం మనవాళ్ళకీ టాంజానియా వాళ్ళకీ గొడవట. ఇంకొక్కసారి పేచీ వస్తే వంటిల్లు మూసేసి బయటి నుంచి క్యాటరింగ్ తెప్పిస్తానని క్యాంప్ బాస్ తేల్చేశాడట. కలిసి ఉండగలమని ఆయనకు చూపించడానికే రెండు వర్గాలూ కలిసి ఈ వేడుక పెట్టుకున్నాయి.

వాళ్ళ స్వాతంత్ర్య దినం తొమ్మిదో తారీఖు. సెలవు ఆదివారం కాబట్టి మర్నాడు జరుపుకున్నారు. అబుదాబి శివార్లలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా ఇంటి నుంచి పొద్దున్నే షాబియా బస్టాండుకు వెళ్ళి దుబాయ్ వెళ్ళే ఇ-102 బస్సు ఎక్కాను. టికెట్టు ఇరవై అయిదు దిర్హామ్‌లు. జెబెల్ అలీ దాటాక ఇబ్న్ బతూతా మాల్ దగ్గర దిగి మెట్రో పట్టుకుని, యూనియన్‌లో గ్రీన్ లైనుకు మారితే అల్ కుసైస్ వచ్చేస్తుంది. అక్కడి నుంచి టాక్సీ. పెషావర్ డ్రైవరు దారంతా ఆఫ్రికా వంటల గురించి నన్నే అడిగాడు. తిన్నాక చెప్తానన్నాను.

భోజనాల హాల్లో బల్ల మీద వాళ్ళ తొలి అధ్యక్షుడి ఫోటో పెట్టారు. క్యాంప్ బాస్ ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అంతలో మా లింగన్న పూలదండ తెచ్చి ఫోటోకు వేశాడు. అంతటితో ఆగాడా? జేబులోంచి పొట్లం తీసి ఫోటోలోని పెద్దాయన నుదుటన ఇంత కుంకుమ బొట్టు పెట్టాడు. ఆయన క్రైస్తవుడు, చుట్టూ నిలబడ్డవాళ్ళలో ముస్లింలు సగం. టాంజానియా వాళ్ళలో ఒకతను విసురుగా ముందుకొచ్చి తుడవబోయాడు. ఇక వంటిల్లు పోయినట్టేననుకున్నాను.

"పెద్దమనిషి ఫోటో బొట్టు లేకుంటె బోసిగుంటది గద భాయ్" అన్నాడు లింగన్న నా వైపు తిరిగి, ముఖం పాలిపోయి.

టాంజానియా వాళ్ళ పెద్ద హమీసీ. క్రేన్ ఆపరేటరు. తుడవబోయిన చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత అందరికీ అర్థమయ్యే క్యాంపు హిందీలో మాట్లాడాడు. ఫోటోలోని పెద్దాయన రాజకీయాల్లోకి రాకముందు బడిపంతులట. ఇప్పటికీ దేశమంతా మాస్టారనే పిలుస్తుందట. వందకు పైగా తెగల్ని స్వాహిలీ అనే ఒక్క భాషతో దగ్గర చేశాడట. జనాన్ని ఉమ్మడి సేద్యపు ఊళ్ళలోకి తరలించిన పథకం దెబ్బతిని చాలామంది కష్టాలు పడ్డారని కూడా దాచకుండా చెప్పాడు. చివరికి తానే పదవి వదిలి సొంతూరికి వెళ్ళి వ్యవసాయం చేసుకున్నాడట.

"మనమంతా ఒక కుటుంబమని మాస్టారు చెప్పారు. ఈ ఇంట్లో పెద్దల్ని ఇలాగే గౌరవిస్తారు. బొట్టు ఉండనివ్వండి" అన్నాడు హమీసీ.

ముందుగా చప్పట్లు కొట్టింది తుడవబోయినతనే. ఆ తర్వాత హాలు దద్దరిల్లిపోయింది. మొక్కజొన్న పిండి ముద్ద ఉగాలీని లింగన్న చేసిన కోడికూరలో ముంచుకు తింటూ రెండుసార్లు వడ్డించుకున్న క్యాంప్ బాస్, చెయ్యి కడుక్కుంటూ "క్యాటరింగ్ ఖలాస్" అన్నాడు, అంటే ఆ మాట ఇక ముగిసిపోయినట్టే. హమీసీ లింగన్నను అమాంతం ఎత్తేశాడు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఒక దేశాన్ని కట్టిన మనిషి మాట, ఆయన చూడని ఎడారిలో, ఆయన పేరే వినని జగిత్యాల వంటవాడి పరువు నిలబెట్టింది. ఇంతకన్నా గొప్ప విగ్రహం ఎవరు కట్టించగలరు?

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. లోపలివాళ్ళతో గేటు దగ్గర ముందే మీ పేరు చెప్పించి, ఎమిరేట్స్ ఐడీ తీసుకెళ్ళండి. వంటింట్లోకి వెళ్ళాక మాత్రం ఏ పొయ్యి ఎవరిదని అడక్కండి, అక్కడ ఇప్పుడు ఎవరికీ తెలియదు.