పలమనేరుకు నాలుగు చేపలు

గ్రేసీకి కుదురుండదు. తిరుపతి డిపోలో తొమ్మిదేళ్లు కండక్టరుగా చేసిన మనిషి. కదిలే బస్సులో ఎంతసేపైనా నిలబడగలదు గానీ, ఇంట్లో పది నిమిషాలు కూర్చోలేదు. ఆమెను కూర్చోబెట్టగలిగింది ఒక్కటే, నాలుగు గోల్డ్ ఫిష్‌లున్న రెండడుగుల గాజుతొట్టి. డ్యూటీ దిగి వచ్చి, చెవుల్లో ఇంకా హారన్ల మోత ఉండగానే దాని ముందు పీట వేసుకునేది.

పలమనేరుకు బదిలీ అయిందని తెలియగానే భర్త జోయల్‌ను ఆమె అడిగింది ఇంటి గురించి కాదు.

"చేపల్ని ఎట్ల తీసకపోయేది?"

"సామాన్లతో పాటే. మన ఆటో ఉండాది గదా" అన్నాడు జోయల్. లగేజీ ఆటో నడుపుతాడతను.

"నూరు కిలోమీటర్లకు పైనే. పైగా మొగిలి ఘాట్ ఎక్కల్ల."

చేపలు పెరిగి, ఆ తొట్టిలో తిరగడానికి చోటు చాలడం లేదు. ఎలాగూ కదపాలి కదా అని నాలుగడుగుల కొత్తతొట్టి కొనేసింది. కొన్నాక మనసు మరీ నిలవలేదు. ప్రయాణానికి రెండ్రోజుల ముందు నుంచే మేత ఆపేసింది, దారిలో నీళ్లు పాడు కాకూడదని. పాత నీళ్లు క్యాన్లకు పట్టింది. బరువని అడుగునున్న గులకరాళ్లు వదిలేసింది. ఫిల్టర్‌లోని నల్లటి స్పాంజిని మాత్రం పాత నీళ్లతోనే చిన్న బకెట్‌లో పెట్టుకుంది. చేపల విసర్జన విషం కాకుండా విరిచేసే సూక్ష్మజీవులు ఉండేది ఆ నల్లటి జిగురులోనే.

తెల్లవారుతూనే బయలుదేరారు. చేపలు రెండు మూతబకెట్లలో, వాటికి బ్యాటరీతో నడిచే గాలిపంపులు. చిత్తూరు చేరేలోపే గ్రేసీ మూడుసార్లు ఆటో ఆపించి మూతలెత్తి చూసింది. ఘాట్ మొదట్లో మళ్లీ ఆపమంది.

"ఇంగొకతూరి ఆపితే నేను దిగి నడిచిపోతా. నువ్వే నడుపుకో" అన్నాడు జోయల్.

"సరే గానీ, ముందు ఆపు."

పలమనేరులో గాలి చల్లగా ఉంది. చేపలకు ఆ తేడా ఒక్కసారిగా తగలకూడదు. పాత నీళ్లకు బోరునీళ్లు కలిపి కొత్తతొట్టి నింపి, అందులోంచి పది నిమిషాలకో గ్లాసు చొప్పున చేపల బకెట్లలో పోస్తూ కూర్చుంది. గంటన్నర అయింది. ఇక ఫిల్టర్ బిగించాలి. స్పాంజి కోసం వరండాలోకి వచ్చేసరికి చిన్న బకెట్ బోర్లించి ఉంది.

ఇంటి యజమానురాలు దేవకమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వింది. ఆమెకు రెండావులున్నాయి, ఊళ్లో పాలు పోస్తుంది.

"ఎంత మురికి పాపా! సబ్బుపొడేసి రుద్దినా. ఇప్పుడు సూడు, కొత్తదాని మాదిరి ఎట్లుండాదో."

తీగ మీద స్పాంజి పసుపుపచ్చగా ఆరుతోంది.

గ్రేసీ దాన్ని అందుకుని వాసన చూసింది. వచ్చి అర్ధపూట కాలేదు, ఇంటామెతో గొడవేంటని నోరు నొక్కుకుంది. అయినా ఆగలేదు.

"అమ్మా, నాకు కావల్సింది ఆ మురికే" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది లేకుంటే చేపలు తమ విసర్జనతో తామే చచ్చిపోతాయని, సబ్బు తగిలిన స్పాంజి ఇక పనికిరాదని చెప్పింది.

దేవకమ్మ మొహం వాడిపోయింది.

"ఆ మురికి ఈ ఊర్లో ఇంగెవురి కాడా ఉండదా?" అంది. "బేకరీ మునిప్రసాద్ అంగట్లో సేపల తొట్టి ఉండాదే! వాళ్లకు పాలు పోసేది నేనే. రా పోదాం."

బేకరీలో తొట్టి కౌంటరు పక్కనే ఉంది. గ్రేసీ ముందు ఆ చేపల్నే చాలాసేపు చూసింది, రెక్కలు చివికాయా, ఒంటి మీద తెల్లమచ్చలున్నాయా అని. ఏమీ లేవు.

"మీ ఫిల్టర్లో మురికి కొంచెం ఇస్తారా అన్నా?"

మునిప్రసాద్‌కు కోపమొచ్చింది. "మురికేంది? వారానికొకతూరి శుభ్రం చేస్తాండాం!"

"నీ తొట్టి గబ్బని కాదబ్బా" అని దేవకమ్మ అడ్డుపడింది. "తప్పు నాది. ఈ పాప మురికిని నేను కడిగేసినా."

అంతా విని అతను నవ్వి, బ్రెడ్డు కోసే కత్తి అందుకోబోయాడు. లోపలి నుంచి భార్య కేకేసి కత్తెర తెచ్చిచ్చింది. మునిప్రసాద్ తన ఫిల్టర్ స్పాంజిలో సగం కత్తిరించి, తొట్టి నీళ్లతోనే కవర్‌లో కట్టిచ్చాడు.

ఆ సగం స్పాంజితోనే కొత్తతొట్టి మొదలైంది. పెద్దతొట్టికి అది చాలదని గ్రేసీకి తెలుసు. రోజూ డ్యూటీకి ముందు పావువంతు నీళ్లు మార్చేది. అందుకు కావలసిన బోరునీళ్లు దేవకమ్మే డ్రమ్ముకు పట్టి ఉంచేది, అడగకపోయినా. మూడోరోజు అన్నిటికంటే పెద్ద చేప అడుగున పడుకుని మొప్పలు గబగబా ఆడించసాగింది. గ్రేసీ సెలవు పెట్టి సగం నీళ్లు మార్చింది. మేత ఆపింది. ఆ రోజంతా ఇంట్లో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతూనే ఉంది.

"నువ్వు తిరిగితే అది లేస్తాదా?" అన్నాడు జోయల్.

"కూసుంటే మాత్రం లేస్తాదా?"

ఐదోరోజుకు అది పైకి లేచింది. ఎనిమిదోరోజు మేత తిన్నది. నాలుగూ బతికాయి.

నాలుగోవారంలో ఒకరోజు చిత్తూరు బస్టాండులో టీ తాగుతుండగా గ్రేసీకి గుర్తొచ్చింది, పొద్దున తొట్టి వంక చూడకుండానే వచ్చేసిందని. దేవకమ్మకు చేద్దామని ఫోను తీసింది. నంబరు దాకా వచ్చి ఆగింది, ఏదైనా తేడా ఉంటే ఈపాటికి ఆమే చేసేది కదా అని. ఫోను సంచిలో పెట్టేసి, మిగిలిన టీ తాగి బస్సెక్కింది.