గీజరుకి చెవొగ్గిన మా అత్తగారు

మా అత్తగారు పోయారు. మొన్న సోమవారం పొద్దున్న కాఫీ తాగి, ఒళ్ళో లేసు పెట్టుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. ఊళ్ళో అందరూ ఆవిడ లేసు పనితనం గురించి చెప్పుకుంటున్నారు. నేను మాత్రం మా గీజరు గురించి చెప్పాలి. ఇన్నేళ్ళూ దాచిన మాట కూడా ఒకటుంది.

మాది నరసాపురం దగ్గర పల్లె. తొంభైల చివర్లో మా ఆయన ముచ్చటపడి గీజరు కొన్నారు. ఏడాది తిరిగేసరికి అది గుడగుడలాడటం, లోపల ఎవరో గులకరాళ్ళు వేయిస్తున్నట్టు పటపటలాడటం మొదలుపెట్టింది. "పేలుతుందేమో" అని మా ఆయన భయం. "కొత్తది కొనేసుకోండి" అని ఎలక్ట్రీషియను సలహా. ఇంటిల్లిపాదీ మళ్ళీ కట్టెల పొయ్యి దగ్గరికి చేరాం.

అత్తగారు ఒప్పుకోలేదు. "అరిచేదాన్ని గెంటేస్తారా? ఎందుకరుస్తుందో కనుక్కోరా?" అన్నారు. చదివింది అయిదో తరగతి. పట్టు పడితే మాత్రం ఉడుం పట్టే. రోజూ గీజరు వేయించి, స్నానాలగది గుమ్మం ముందు పీట వేసుకుని, చేతులతో లేసు అల్లుతూ, చెవి గీజరుకి అప్పగించి కూర్చునేవారు. ఏ రోజు ఎలా మోగిందో క్యాలెండరు మీద నాచేత రాయించేవారు. "ఇవాళ గుడగుడ అని రాయమ్మాయ్. నిన్నటిది పటపట." నాకు నవ్వాగేది కాదు. ఆవిడ నవ్వేవారు కారు.

ఒక వేసవిలో ఆ క్యాలెండరు ముందు నిలబడి, "కాలవలు ఎప్పుడు కట్టేశారు?" అని అడిగారు. అక్కడ దొరికింది గుట్టు. కాలవ పారినన్నాళ్ళూ మా పైట్యాంకులో కాలవ నీరే. వేసవిలో నీళ్ళాపి కాలవలు కట్టేస్తే బోరు నీరు, ఒకటే ఉప్పన. గోల పెరిగిందల్లా ఆ రోజుల్లోనే. ఎలక్ట్రీషియన్ని పిలిపించి, ఎదురుగా కూర్చుని గీజరు విప్పించారు. లోపలి కాయిల్‌కి వేలెడు మందాన తెల్లటి గార! నీళ్ళు దాని కింద ఇరుక్కుని కుతకుతలాడుతున్నాయన్నమాట. "ఇత్తడి బిందెకి ఏం పెడతాం? దీనికీ అదే" అని కాయిల్‌ని చింతపండు పులుసులో నానబెట్టి తోమారు. గీజరు నోరు తగ్గింది.

గీజరు కింద చిన్న వాల్వు ఉంటుంది. నీళ్ళు కాగేటప్పుడు అందులోంచి చుక్కచుక్కగా కారుతుంది. "అది దాని ఊపిరమ్మాయ్, ముయ్యకు" అని ఆవిడ ముందే చెప్పారు. నేనే వినలేదు. ఆ తడికి గచ్చు పాచిపట్టి రెండుసార్లు జారిపడ్డాను. విసుగొచ్చి ఓ పొద్దున్న పాత చీర పేలిక మెలిపెట్టి అందులో కుక్కేశాను. స్విచ్చి వేసి, కాసేపాగి అయిదేళ్ళ మా అబ్బాయిని స్నానానికి పంపాను.

హాల్లో లేసు అల్లుతున్న ఆవిడ తలెత్తారు. "అమ్మాయ్, చుక్క వినపడట్లేదేంటి?"

మోకాళ్ళ నొప్పుల మనిషి, అంత వేగంగా నడవడం ఎప్పుడూ చూడలేదు. మెయిన్ స్విచ్చి కట్టేసి, సబ్బునురగతోనే పిల్లాణ్ణి లాక్కొచ్చి నా చేతుల్లో పెట్టారు. గీజరు చల్లారాక లేసు అల్లే కొక్కెం సూదితో పేలికని బయటికి లాగారు.

సాయంత్రం ఎలక్ట్రీషియను చూసి, వేడెక్కగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాటు చెడిపోయిందన్నాడు. "దానికి తోడు వాల్వు కూడా మూసుకుపోయిందాండీ? ఇంకాసేపుంటే పేలేదండి."

"వాల్వెలా మూసుకుపోయిందమ్మా?" అన్నారు మా ఆయన.

"గార అడ్డుపడిందిరా, తీసేశాను." ఆవిడ నా వంక చూడలేదు. పేలిక ఆవిడ బొడ్లోనే ఉంది.

తర్వాత నాతో అన్నది ఒక్క మాటే. "మోగితే పర్లేదమ్మా. మోగాల్సింది మోగకపోతే లేచి చూడు." ఆ సూదిని దారం కట్టి గీజరు పక్క మేకుకి తగిలించారు. చుక్కల కింద ఒక చెంబు పెట్టారు. ఆ గుట్టు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యగారూ, నా బిడ్డని మీరే నాకిచ్చారు. మా ఆయనకి ఈ సంగతి ఇది చదివాకే తెలుస్తుంది.

ఇవాళ ఇంటినిండా చుట్టాలు, అందరికీ తలస్నానాలు. కాలవలు కట్టేశారు కదా, గీజరు మళ్ళీ గుడగుడమంటోంది. "పేలుతుందేమో, ఆపేద్దామా వదినా?" అంది మా ఆడపడుచు.

"వద్దు. నేను వింటున్నాను" అన్నాను. ఆవిడ పీట తెచ్చుకుని గుమ్మం ముందు కూర్చున్నాను. మేకుకి సూది వేలాడుతోంది. చెంబులో ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి.