‘క్యాష్‌లెస్సా?’ అన్న ఒక్క ప్రశ్న

మూడేళ్ల క్రితం, సముద్రంలో వేట నిషేధం అమలులో ఉన్న వేసవిలో, శ్రీకాకుళంలోని నా కార్యాలయానికి నూకమ్మ వచ్చింది. నా సుదీర్ఘ న్యాయవాద వృత్తిలో నన్ను అంతగా ఆగ్రహానికి గురిచేసిన వ్యాజ్యం మరొకటి లేదు.

ఆమెది శ్రీకూర్మం దాటాక తీరాన ఉన్న ఒక పల్లె. చేపలు అమ్ముతుంది. భర్త పోలయ్య వేటకు వెళ్లే మనిషి. అతని పేగుకు చిల్లు పడితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసి, పొట్టపై మలసంచి అమర్చారు. కొన్ని నెలల తర్వాత పేగును తిరిగి కలపాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉన్నా, దాని మీద చేయడానికి ఆసుపత్రి నిరాకరించింది. మొదటిసారి నగదు కట్టారు కనుక రెండో శస్త్రచికిత్స కూడా పథకంలోకి రాదట! ఆ సంచితో పోలయ్య బోటు ఎక్కలేడు.

మొదటిసారి అడ్మిషన్ ఫారంలో ‘ఆప్టెడ్ ఫర్ క్యాష్’, అంటే నగదునే ఎంచుకున్నారని రాసి ఉంది. కింద నూకమ్మ వేలిముద్ర.

“కార్డు చేతిలో ఉంచుకుని నగదు కడతానని ఎందుకన్నావు?” అని గద్దించాను.

“అలగ అన్నేదు బాబూ! కౌంటరు కాడ గుమస్తా ‘క్యాష్‌లెస్సా?’ అనడిగినాడు. అంటే క్యాస్ నేనోల్లమా అనే గదేటి? ఎనకాల మా పేటోల్లు నిలబడున్నారు. ‘క్యాసున్నాది, ముందు మనిసిని సూడండి’ అన్నాను. ముస్టోల్లమేటి మేం?”

“ఉందా మరి?”

“ఎక్కడుంటాది! సెవుల కమ్మలు తాకట్టెట్టినాను.”

క్యాష్‌లెస్ అంటే రోగి చెల్లించనక్కరలేని చికిత్స. ఆమెకు అది పేదరికాన్ని ఎత్తిచూపిన మాటగా వినిపించింది. అలా వినిపిస్తుందని ఆ గుమస్తాకు తెలియదా? తెలుసు. సరిదిద్దడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఖర్చు చేయలేదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆసుపత్రి న్యాయవాది ‘వేవర్’ అన్నాడు. హక్కును తెలిసి వదులుకోవడమని దాని అర్థం. పైగా, “ఆమె ఆత్మాభిమానానికి ఆసుపత్రి బాధ్యత వహించదు” అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. పథకం నిబంధన చదివి వినిపించాను. “కార్డుదారు అడిగితేనే నగదు వసూలు చేయరాదని ఇందులో లేదు. అసలు వసూలే చేయరాదని ఉంది. ఈ ఆజ్ఞ ఆసుపత్రికి; రోగికి కాదు.”

కమిషన్ అధ్యక్షురాలు నూకమ్మనే సూటిగా అడిగారు: “క్యాష్‌లెస్ అంటే ఏమిటో నీకు ఎవరైనా చెప్పారా?”

“ఈ బాబు సెప్పినాడమ్మా. అప్పటికే కోసీసినారు.”

తనకు తెలియని హక్కును ఎవరూ వదులుకోలేరని కమిషన్ తేల్చింది. రెండో శస్త్రచికిత్సను కార్డు మీదే చేయాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చేశారు. పోలయ్య మళ్లీ వేటకు వెళ్లాడు.

కానీ నా కోపం పూర్తిగా ఆసుపత్రి మీదే అనలేను. ఆ నిబంధనను ఏళ్ల తరబడి చదివిన నేను, ఆ ఇంగ్లీషు మాట కౌంటరు దగ్గర నిలబడిన మనిషికి ఎలా వినిపిస్తుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. పైపెచ్చు ఆమెనే గద్దించాను. నిబంధనకు అర్థం న్యాయస్థానంలో మొదలుకాదు, కౌంటరు దగ్గర మొదలవుతుందని అప్పుడు నేర్చుకున్నాను.

ఆ తర్వాత పొరుగింటామెను నూకమ్మే అదే ఆసుపత్రికి తీసుకువెళ్లిందట. గుమస్తా మళ్లీ అడిగాడట, “క్యాష్‌లెస్సా?”

“కార్డున్నాది. క్యాసుందో నేదో నీకెందుకు? రాయి!”