బజారు బ్యాంకూ, గుప్పెడు బియ్యం కుండా

నా చిన్నప్పుడు మేము బెంగాలీ వాళ్ళ ఊరు బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు లైన్లో ఉండేవాళ్ళం. ఒకే గోడ పంచుకున్న ఒంటిగదుల వరస, అందులో సగం మా శ్రీకాకుళం వైపు వాళ్ళవే. మా తాతయ్య ఆ మిల్లులోనే మగ్గాల దగ్గర పనిచేసి దిగిపోయినవాడు. ఆయనంత అనుమానం మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు పుట్టి ఉండడు. పాలవాడు చెంబులో పాలు పోస్తుంటే వేలు ముంచి చూసేవాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఆ మనిషి మలుపు తిరిగేదాకా చూసి, "ఈడికి మనతో ఏటి పనో!" అని గొణుక్కునేవాడు. పెళ్ళిచూపుల్లో తన పళ్ళు కట్టుడువేమో అని అడిగించాడని మా నాయనమ్మ ముసలితనంలో కూడా దెప్పుతూనే ఉండేది.

ఆ అనుమానం వల్లే లైన్లో ఆడవాళ్ళందరూ గుప్పెడు కుండని తెచ్చి మా ఇంట్లో పెట్టారు. అది మా వాళ్ళ అలవాటు. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టేది. వారం తిరిగేసరికి అది తెచ్చి మా ఇంట్లో పెద్ద కుండలో పోసేది. ఎవరి ఇంట్లో హప్తా, అంటే వారం జీతం, అందకపోయినా, ఎవరికి జ్వరమొచ్చి పనికి పోలేకపోయినా, కుండలోంచి పట్టుకెళ్ళి వీలైనప్పుడు తెచ్చి పోసేవారు. ఎవరూ రాసుకునేది లేదు, అడిగేది లేదు.

బజారులోకి చిన్న బ్యాంకు ఒకటి వచ్చింది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. దాని మేనేజరు తెల్లటి పంచె కట్టుకుని ఆదివారాలు స్వయంగా మా లైనుకి వచ్చేవాడు. పిల్లలకి సందేశ్ మిఠాయి పంచేవాడు, ఆడవాళ్ళని దీదీ అని పిలిచేవాడు. పోస్టాఫీసు కంటే ఎక్కువ వడ్డీ ఇస్తామనేవాడు. మిల్లు యజమానులే తమ దగ్గర పెద్ద అప్పు తీసుకున్నారనీ, కాబట్టి మిల్లు ఎంత గట్టిదో తమ బ్యాంకూ అంత గట్టిదనీ ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పేవాడు. లైనంతా అందులో డబ్బు వేసింది. మా తాతయ్య మాత్రం దమ్మిడీ వెయ్యలేదు. అందరూ ఆయన్ని ఆటపట్టించారు. "ముసిలోడికి బ్యాంకోడు సందేశ్ ఇస్తే ఇసం ఉందేమో అని కుక్కకి పెట్టి సూస్తాడు" అని చివరింటి పిన్ని అంటే నాయనమ్మ కూడా పకపకా నవ్వింది.

మా పక్కింటి అక్క సంగతి వేరు. ఆమె భర్త ఏటి ఒడ్డున నూనె డిపో జెట్టీ మీద పనిచేస్తూ జారిపడి పోయాడు. కంపెనీ ఇచ్చిన నష్టపరిహారమే ఆమెకున్న మొత్తం ఆస్తి. చంకలో పిల్లాడు, వెనక ఎవరూ లేరు. ఆ డబ్బంతా ఆ బ్యాంకులోనే ఉంది. ఆ వడ్డీతో ఇల్లు నడిపేది.

ఒకరోజు మిల్లు గేటుకి తాళం పడింది. లాకౌట్ అన్నారు. వారం రెండు వారాల్లో తీస్తారనుకుంటే నెలలు గడిచిపోయాయి. అంతవరకు ఆదివారాలు మాత్రమే వచ్చే మేనేజరు బాబు ఇప్పుడు మధ్యలో కూడా రావడం మొదలుపెట్టాడు. సందేశ్ డబ్బా పెద్దదైంది. వడ్డీ ఇంకొంచెం పెంచామన్నాడు. లైన్లో వాళ్ళు దేవుడిలాంటి మనిషి అన్నారు. తాతయ్య గుమ్మంలో కూర్చుని బీడీ ఆర్పేసి, నాతో అన్నాడు: "ఒలే గుంటా, మిల్లు మూసీసినారు కదా, ఈడికి అప్పు ఎవులు తీరుస్తన్నారు? తీర్చీవోడు నేకపోతే ఎక్కువ వడ్డీ ఏ సెట్టు నుంచి రాలుతాది?" నాకేం అర్థమవుతుంది? సందేశ్ నోట్లో కరుగుతుంటే తలూపాను.

అప్పుడు తాతయ్య ఒక పని చేశాడు. గుప్పెడు కుండలో బియ్యం దాదాపు అన్నీ గోనె బస్తాలోకి తోడి మంచం కిందకి తోసేశాడు. కుండలో అడుగున ఇత్తడి గిన్నె బోర్లించి, దానిమీద పైపైన బియ్యం పరిచాడు. చూస్తే కుండ నిండుగానే ఉంది. నన్ను చూస్తూ ఉండమన్నాడు. లాకౌట్ రోజులు కదా, ఎవరో ఒకరు వచ్చి ఓ గిద్దెడు పట్టుకెళ్ళేవారు, ఇంకొకరు తెచ్చి పోసేవారు. చాలా రోజులు అలాగే జరిగిపోయింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకు లోపల్లోపల భలే నవ్వొచ్చేది.

ఒక పొద్దున చివరింటి పిన్ని బియ్యానికి వస్తే తాతయ్య నెత్తి గోక్కుంటూ, "ఏటోనమ్మా, కుండ అడుగంటినట్టుంది" అన్నాడు, అంతే. అమ్మో, ఏం చెప్పను! మధ్యాహ్నానికి లైన్లో ఆడవాళ్ళంతా గిన్నెలు, చేటలు పట్టుకుని మా గుమ్మం ముందు. ఇంట్లో బియ్యం ఉన్నవాళ్ళు కూడా వచ్చారు. ఒకరినొకరు తోసుకున్నారు, నువ్వు పోసిందెంత నేను పోసిందెంత అని కేకలు. నిన్నటిదాకా ఒక చెంబుతో నీళ్ళు తాగినవాళ్ళు జుట్లు పట్టుకోవడమే తరువాయి. నేను భయపడిపోయి నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

తాతయ్య నెమ్మదిగా మంచం కిందనుంచి బస్తా లాగి మధ్యలో పెట్టాడు. "నా బస్తా మంచం కింద ఉంది కాబట్టి సరిపోయినాది. ఆ బేంకోడి మంచం కింద ఏటున్నాదో ఎవులైనా సూసినారా? ఉన్నదంతా మిల్లోడికి ఇచ్చీసి కూకున్నాడు" అన్నాడు. అర్థమయ్యేలోపే ఆడవాళ్ళకి కోపం వచ్చేసింది. ముసలాడికి మతి చెడిందనీ, ఆకలి రోజుల్లో ఈ పరాచికాలేమిటనీ దులిపి పారేసి, ఎవరి గిన్నె వాళ్ళు నింపుకుని వెళ్ళిపోయారు. పక్కింటి అక్క ఒక్కతే వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి, పిల్లాణ్ణి ఒక చంకనుంచి ఇంకో చంకకి మార్చుకుంటూ, "అయితే నా డబ్బులో తాతా?" అంది.

తాతయ్య ఆమెని లోపలికి పిలిచి గొంతు తగ్గించాడు. రేపే వెళ్ళి మొత్తం తీసేసుకో, వాడు మిఠాయి పెడతాడు తినకు, రేపు రమ్మంటాడు లేవకు, చిన్నపిల్ల పక్కనుంటే గట్టిగా అరవలేడు కాబట్టి దీన్ని తీసుకెళ్ళు అని నన్ను చూపించాడు. చివరగా, ఎవరికీ చెప్పకమ్మా అన్నాడు.

బ్యాంకులో ఆయన చెప్పినట్టే అయింది. మేనేజరు బాబు మిఠాయి తెప్పించాడు, నేను అక్క మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వచ్చే వారం ఇస్తానన్నాడు, అక్క కదల్లేదు. అంత డబ్బు ఇంట్లో పెట్టుకుంటే దొంగలు పడతారని భయపెట్టాడు. అక్క నేల చూపులు చూస్తూ, వచ్చీరాని బెంగాలీలో, "నా డబ్బు నాకిచ్చెయ్యి దాదా" అని అదే మాట అంటూ కూర్చుంది. ఆకలికి పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. చివరికి ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపటికి డబ్బు తెచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది. గుమ్మం దాకా వచ్చి, అక్కకి రెండు చేతులూ జోడించి, బయట ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. దారి పొడవునా నాకు అదే ఆలోచన. తాతయ్య మంచివాడు, మేనేజరు మోసగాడు అనుకున్నానే, మరి ఇద్దరూ ఒకే మాట ఎందుకు చెప్పారు?

వారం తిరక్కుండా బ్యాంకు షట్టర్ దిగిపోయింది. ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ ఒక కాగితం అంటించారు. మా వాళ్ళకి రెండూ చదవడం రాదు. మిల్లు మూతపడి అప్పు తిరిగి రాలేదని, ఉన్న కాస్తా ముందు వచ్చినవాళ్ళు పట్టుకుపోయారని ఎవరో చదివి చెప్పారు. ఆడవాళ్ళు షట్టర్ని చేతులతో కొట్టారు. మగవాళ్ళు ఎండలో ఊరికే నిలబడ్డారు. ఆ తర్వాత చాలా కాలానికి కొందరికి ఏదో కొంచెం ఇచ్చారు. మిగతాదాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగిపోయి ఒక్కొక్కరే వదిలేసుకున్నారు. చివరింటి పిన్ని వాళ్ళది పూర్తిగా పోయింది. వాళ్ళాయన మిల్లులో జీవితమంతా పనిచేసి దాచుకున్నది, సొంతంగా ఒక గది కొనుక్కుందామని దాచుకున్నది.

అక్క డబ్బు ముందే తీసేసుకుందనీ, తీసుకోమన్నది తాతయ్యేననీ లైనంతటికీ తెలిసిపోయింది. ఒక సాయంత్రం పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. తిడుతుందనుకుని నాయనమ్మ అడ్డం వెళ్ళబోయింది. పిన్ని తిట్టలేదు.

"ఆ రోజు నన్నెందుకు పిలవనేదు మావా?"

"అందరికీ సెప్తే ఒక్కరికీ వచ్చీది కాదమ్మా" అన్నాడు తాతయ్య.

"నిజమే. మరి ఆ ఒక్కరు ఎవులవ్వాలో నువ్వే ఏరినావా?"

పిన్ని వెళ్ళిపోయింది. తర్వాత ఆమె గుప్పెడు తెచ్చి పోయడం మానేసింది. ఆమెని చూసి ఇంకొకరు మానేశారు. మా ఇంట్లో ఇంకేం దాచారో అన్నట్టు లైన్లో వాళ్ళు లోపలికి తొంగి తొంగి చూసేవారు. అక్క కూడా ఆ చూపులు పడలేక పిల్లాణ్ణి తీసుకుని పట్నంలో, భవానీపూర్‌లో ఒక కుట్టుపని దుకాణంలో పనికి వెళ్ళిపోయింది. పోతూ తాతయ్య కాళ్ళకి దండం పెట్టింది. ఆయన దీవించాడు గానీ మొహం చూడలేకపోయాడు. అనుమానించి గెలిచిన మనిషి అంత దిగులుగా ఎందుకున్నాడో నాకప్పుడు తెలియలేదు.

తాతయ్యది తప్పని ఈ వయసులో కూడా నేను అనలేను. అక్క బతికింది, పిల్లాణ్ణి పెంచుకుంది. ఆయన చెప్పకపోతే ఆమె కూడా షట్టర్ ముందు నిలబడి ఉండేది. కానీ పిన్ని అడిగినదానికి జవాబు ఇంతవరకూ నాకు దొరకలేదు, దొరకనందుకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు న్యూ టౌన్లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మొన్న పై అంతస్తు ఆవిడ లిఫ్టులో నా చెయ్యి పట్టుకుని, మన రోడ్డు చివరి సహకార బ్యాంకు సంగతి ఏమీ బాగోలేదటమ్మా, మీదేమైనా ఉంటే తీసేసుకోండి, ఎవరికీ చెప్పకండి అంది. పాపం, నా మేలు కోరే చెప్పింది. ఇప్పుడు బ్యాంకులో వేసిన డబ్బుకి బీమా అదీ ఉందంటారు, ఎంతవరకో నాకు తెలియదు, నాకు దానిమీదా అనుమానమే. అయినా ఎవరైనా ఇలా నాకొక్కదానికే మంచిమాట చెబితే, అది ఎవరెవరి చెవిన పడలేదా అని ముందు వెతుక్కోవడం ఆ రోజుల నుంచి నాకు పట్టుకుంది. మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి, కూతురి చదువు కోసం ఆ బ్యాంకులోనే దాచుకుంటోంది. సాయంత్రం ఆమె రాగానే పక్కన కూర్చోబెట్టుకుని విన్నదంతా చెప్పాను. ఆమె భయపడి తన వాళ్ళకి చెబుతుందని, వాళ్ళు ఇంకొకరికి చెబుతారని, తెల్లారేసరికి ఆ బ్యాంకు ముందు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. ఎవరికీ చెప్పకు అనే మాట మాత్రం నా నోట రాలేదు.