అరువు వేలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు చీమ కనబడితే ఏనుగని రాస్తాను. కానీ అమీర్‌పేటలో టైలరింగ్ షాపు నడిపే ఈ యాదగిరి, ఒక ఉదయం ఫోన్ ముందు పోగొట్టుకున్న పరువును పెంచి చెప్పక్కర్లేదు. అది పుట్టుకతోనే ఏనుగు.

నా షుగరు చూసే డాక్టరమ్మ క్లినిక్ పంజాగుట్టలో ఉంది. కూతవేటు దూరమే. అయితే టిఫిన్ చేసి బయల్దేరితే ఆ ట్రాఫిక్‌లో చౌరస్తా దాటేసరికి మళ్ళీ పరగడుపే. అందుకని వైద్యమంతా ఫోన్‌లోనే. రోజూ వేలు పొడుచుకుని మీటరు చూపిన అంకె ఆమెకు పంపాలి. నేను వేలి జోలికి పోకుండా అంకె మాత్రం పంపేవాణ్ణి. అంత ముచ్చటైన అంకెలు చూసి ఆమెకు ఆనందం కలగాలి కదా, అనుమానం కలిగింది.

“యాదగిరిగారూ, రేపు పరగడుపున వీడియోలో నా కళ్ళముందే చూడండి. రెండొందలు దాటితే ఇన్సులిన్ మొదలుపెడదాం.”

సూదులతోనే బతికే వంశం మాది. కానీ సూది గుడ్డలో దిగడం వేరు, గుడ్డ కట్టుకున్నవాడిలో దిగడం వేరు. వెంటనే మా ఆవిడ తమ్ముడు శ్రీనును పట్టుకున్నాను. మా షాపులో కటింగ్ మాస్టరు. కొలత టేపుకు చొక్కా తొడిగినట్టుంటాడు. స్వీటు ముట్టడు, గంటకో సీసా నీళ్ళు తాగుతాడు. ఎంత ఆరోగ్యస్పృహో అని ఇంటిల్లిపాదీ మెచ్చుకునేవాళ్ళం.

“నా వేలు నీకెందుకు బావా?”

“జరసేపే రా. నువ్వు నా కుర్చీ ఎనక కూసో. నేను శాలువ కప్పుకుంట. నా సంక కిందికెళ్ళి నీ చెయ్యి బయటపెట్టు.”

“అక్కకు తెలిస్తే నన్ను సుత కోస్తది.”

“ఫికర్ జెయ్యకు. మొదలు నన్నే కోస్తది.”

తా దూర సందు లేదు, వీపుకో బామ్మర్ది. మర్నాడు ఇంట్లో నా కుడిచెయ్యి శాలువాలో దాచి, దాని స్థానంలో శ్రీను చెయ్యి బల్లమీద పరిచాను.

“మీ చెయ్యి సన్నబడినట్టుందే?” అంది డాక్టరమ్మ.

“డైటింగ్ మేడం.”

“ఒక్క చెయ్యేనా?”

“రెండోది వచ్చే నెల మేడం.”

ఎడమచేత్తో ఆ వేలిని పొడిచాను. “అబ్బా!” అని నా వీపు అరిచింది. నేను కాస్త ఆలస్యంగా పెదాలు కదిపాను.

మీటరు మూడొందల పద్దెనిమిది చూపింది.

“ఇంక ఆలోచించేదేం లేదండీ. ఇన్సులిన్ ఇవాళే.”

ప్రాణం మీదికొస్తే ఒంటిచేత్తో బతిమాలడం మన ఇంటావంటా లేదు. “మీ కాళ్ళు మొక్కుతా మేడం, సూది ఒద్దు!” అని రెండు చేతులూ జోడించేశాను. మూడోది నెత్తుటి చుక్కతో బల్లమీద బుద్ధిగా పడుకుని ఉంది.

డాక్టరమ్మ తీరిగ్గా లెక్కపెట్టుకుంది. “ఆ మూడోది ఎవరిదండీ?”

శాలువా కింది నుంచి శ్రీను తల బయటికొచ్చింది. “నాది మేడం. గా మూడొందలు సుత నాదేనా?”

ఆమె నవ్వలేదు. “దాహం ఎక్కువా?”

“మస్తు.”

“ఈమధ్య చిక్కిపోయారా?”

“నా పెండ్లి అంగిల ఇప్పుడు ఇద్దరు పడతరు మేడం.”

“ఇవాళే క్లినిక్‌కు రండి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదం.”

వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ తమ్ముణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ రెండో చూపుకు ఏ క్లినిక్‌లోనూ మందు లేదు.

“యాదగిరిగారూ, ఇప్పుడు మీ సొంత వేలు.”

నూట ముప్పై ఎనిమిది! నిజాయితీగా పొడుచుకుని ఉంటే ఇంత రామాయణమే లేదు.

శ్రీను వైద్యంతో తేరుకున్నాడు. “బావ జెయ్యబట్టే బతికిండు” అని చుట్టాలంతా అన్నారు. నేను ఖండించలేదు. అయినా బల్కంపేట ఎల్లమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో పరాయి వేలితో నా షుగరు చూపించను, ఎండాకాలంలో శాలువా కప్పుకోను.

ఇంతకీ ఇందులో నేను కల్పించింది ఒక్కటే. చేతులు మూడూ నిజమే, నూట ముప్పై ఎనిమిది అబద్ధం. నా వేలు చూపింది రెండొందల నలభై. ఇప్పుడు రోజూ టిఫిన్‌కు ముందు బావా బామ్మర్దులం ఎదురెదురుగా కూర్చుని సూదులు తీస్తాం. ఎవరి పొట్టలో వాళ్ళమే పొడుచుకుంటాం.