బల్లూరు బండికి ఇంకొక్కరు

నేను చెప్పబోయేది అబద్ధమైతే రేపు గాలికొండ మలుపులో నా బండికి బ్రేకు పడకపోవాలి. డ్రైవరు నోట ఇంతకన్నా పెద్ద ఒట్టు రాదు. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగేసి లేచిపోండి. ఆ రాత్రి నేను చుక్క ముట్టలేదు. జ్వరం లేదు. నిద్రమత్తు... కొంచెం ఉండొచ్చు. అదీ దాచను.

అరకు నుంచి ఎస్.కోటకి పాతికేళ్లు సర్వీసు జీపు తోలాను. ఇప్పుడు అదే జీపులో టూరిస్టులను బొర్రా గుహలకు తిప్పుతున్నాను. సర్వీసు జీపుకి టైమంటూ ఉండదు. సీట్లు నిండాలి. నిండినా కదలదు. "సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి, టైడా, కోట! ఇంకొక్కరు! ఇంకొక్కరొస్తే కదిలిపోతాది!" అని గొంతు పోయేలా అరవాలి. ఆ ఒక్కరూ వచ్చాక మళ్లీ ఇంకొక్కరే. ఈ అరుపు నాకు ఎంత అలవాటంటే, మా ఆవిడని పుట్టింటికి తీసుకెళ్లేటప్పుడు కూడా దారిలో ఊళ్లన్నీ ఒకసారి అరిస్తే గానీ తాళం తిప్పను. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నర్సమ్మ గురించి చెప్పాలి ముందు. ఆవిడ ఐర్లండు మనిషి. సుంకరమెట్ట పైన, మట్టిదారి చివర ఉన్న గూడెంలో నలభై ఏళ్ల పైన చిన్న ఆస్పత్రి నడిపింది. అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు, నర్సమ్మ అన్నాం, అదే ఖాయమైపోయింది. తెలుగు నేర్పింది వంట చేసే బుద్రి అప్ప. అందుకని ఆ తెల్లటి మనిషి నోరు తెరిస్తే, "ఏటిరా గుంటడా, మందు మింగినావా, ఉమ్మేసినావా?" అనేది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు బిత్తరపోయేవారు.

చిన్నప్పుడు నాకు చలిజ్వరం వచ్చి ఆ ఆస్పత్రిలో పదిరోజులు పడుకున్నాను. పగలంతా చేదు మందు. రాత్రి ఆవిడ నిప్పుల్లో బంగాళాదుంపలు కాల్చి, ఉప్పు అద్ది, వాళ్ల ఊరి కబుర్లు చెప్పేది. చిన్న సంత ఊరు. ఏదో బల్లీ అని మొదలయ్యే పేరు. మేం బల్లూరు అనేశాం. అక్కడా వారానికోసారి సంతట. గొర్రెలు, ఆవులు, గుడ్లు, అచ్చం మన శుక్రవారం అరకు సంతేనట. బేరం కుదిరితే అరచేతిలో తుపుక్కున ఉమ్మి, ఎదుటివాడి చేతిని చరుస్తారట! అది విన్న మర్నాటి నుంచి పిల్లలమంతా గోళీల బేరానికి కూడా ఉమ్ములే. బుద్రి అప్ప చీపురు తిరగేసింది.

పెద్దయ్యాక, నేను జీపు కొన్నాక, ముందు సీటు ఆవిడదైపోయింది. ఎడమవైపు తలుపు ఉంది చూశారూ, అది ఊరికే వేస్తే పడదు. కాస్త పైకెత్తి, లోపలికి లాగాలి. ఆ కిటుకు నాకూ నర్సమ్మకే తెలుసు. ఎక్కి కూర్చుని, తలుపు ఎత్తి లాగి, చేతికర్రతో అడుగున రెండుసార్లు కొట్టేది. టక్... టక్. అంటే, పోనీరా అని. ఆ కర్ర బల్లూరు నుంచి తెచ్చుకున్నదే. నల్లటి ముళ్లచెట్టు కర్ర, ముళ్లు కోసేసిన చోట బొడిపెలు ఉండేవి.

ఎన్ని సాయంత్రాలో... కాఫీ పళ్ల పని అయ్యాక, ఇద్దరం అరుగు మీద కూర్చుని బల్లూరు ప్రయాణం వేసుకునేవాళ్లం. పాత క్యాలెండరు వెనక ఆవిడ పెన్సిలుతో దారి గీసింది. బస్సు దిగే చోటు. ఆగిపోయిన గడియారం. రొట్టెల కొట్టు. వంతెన. వంతెన దిగగానే పచ్చ తలుపు ఇల్లు. "ఈ ఏడు కాదురా, పై ఏడు" అనేది. జీడి గింజలు పట్టుకెళ్దాం అనేది. నీకు అక్కడి చలికి కోటు కుట్టించాలి అనేది. పై ఏడు వచ్చేది, గూడెంలో ఎవరికో కాన్పు కష్టమయ్యేది, ప్రయాణం ఆగేది. తర్వాత మోకాళ్లు పోయాయి. చివరి రోజుల్లో నా చేయి పట్టుకుని, "నేను పోకపోయినా నువ్వొకసారి ఎల్లి సూసి రారా" అంది. సరేనమ్మా అన్నాను. అరచేతిలో ఉమ్మి, నా చేతిని చరిచింది. ఒప్పందం అయిపోయింది.

ఆవిడ పోయి రెండేళ్లు. కాఫీతోట వాలులో పాతిపెట్టాం. బుద్రి అప్ప తన వాళ్ల సమాధి రాళ్ల పక్కనే ఆవిడకీ ఒక రాయి నిలబెట్టింది. ఆ రోజు అందరికీ ఒక మాట చెప్పింది. అప్ప వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి దూరాన చచ్చిపోతే, ఇంటివాళ్లు అక్కడికి వెళ్లి, దారిలో దాటే ప్రతి గెడ్డ పేరూ, ప్రతి మలుపు పేరూ పైకి చెబుతూ నడిచి వస్తారు. పోయిన మనిషి ఆ పేర్లు పట్టుకుని వెంట వస్తుందట. "అందుకే, ఈ ఇంట్లో ఎవులూ బల్లూరు దారి పేర్లు ఎత్తకండి. అమ్మ ఇక్కడే ఉండాల" అంది అప్ప. నేనూ తలూపాను. ఊపి, మర్చిపోయాను.

మొన్నీమధ్య బల్లూరు నుంచి నర్సమ్మ మేనకోడలు ఉత్తరం రాసింది, రమ్మని. అత్తయ్య చేతికర్ర ఒక్కటి తెచ్చిస్తే చాలంది. వీసా వచ్చింది. టికెట్టు వచ్చింది. జీపు తప్ప ఇంకో బండి ఎరగని నాకు మూడు విమానాలు!

ఆ కర్ర కోసమే, పోయిన నెలలో ఒక సాయంత్రం గూడెం వెళ్లాను. అప్పకి ఒక బియ్యం బస్తా కూడా వేసుకెళ్లాను. దిగేసరికి మంచు పడుతోంది. వెనక్కి వెళ్లొద్దంది అప్ప. చోడిపిండి అంబలి పోసింది, ఎండుచేప కాల్చింది. కర్రని పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి, నేను పడుకున్న నులకమంచం కింద పెట్టాను. అది పాత మందుల గది. అప్ప వంటింట్లో పడుకుంది. కరెంటు ఎప్పుడో పోయింది.

నిద్ర పట్టలేదు. సెల్లు లైటు వేసి క్యాలెండరు మ్యాపు తీశాను. ఆవిడ పెన్సిలు గీతలు... వంతెన కింద రెండు బాతులు కూడా వేసింది.  సరే, దారి బట్టీ కొడదాం అనుకున్నాను. చదివితే నాకు ఎక్కదు. లేచి నిలబడ్డాను. తలుపు చెక్క మీద, జీపు బానెట్టు మీద కొట్టినట్టు, అరచేత్తో చరిచాను.

"సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి, టైడా, కోట, వైజాగు, హైదరాబాదు, దుబాయి, డబ్లిన్! బస్టాండు, గడియారం, రొట్టెల కొట్టు, వంతెన, పచ్చ తలుపు! బల్లూరు, బల్లూరు, బల్లూరు! ఇంకొక్కరు... ఇంకొక్కరొస్తే కదిలిపోతాది!"

నాలో నేనే నవ్వుకున్నాను. గోడ మీద బల్లి పలికింది. బల్లూరుకి బల్లే సాక్షి అనుకుని మంచమెక్కాను.

అప్పుడు...

టక్.

చూరు నుంచి మంచు బొట్టు పడిందనుకున్నాను. కింద రేకు ఉంది కదా.

కాసేపు ఏమీ లేదు.

టక్.

బొట్టు కాదు. వాలులోంచి వస్తోంది. ఎండాకుల మీద... ఒక టక్, రెండు అడుగులు. ఒక టక్, రెండు అడుగులు. రెండో అడుగు కొంచెం ఈడ్చినట్టు. బాబూ, ఆ నడక నాకు తెలుసు. చలిజ్వరంతో మూలుగుతూ పదిరోజులు విన్నాను. ఆ చప్పుడు దగ్గరికొస్తే చేదు మందు వస్తుందని దుప్పటి ముసుగు పెట్టేవాణ్ణి. ఆ రాత్రీ అదే పని చేశాను. యాభై దాటిన మనిషిని, దుప్పటి ముసుగు పెట్టాను.

చప్పుడు ఆకులు దాటింది. కళ్లంలోకి వచ్చింది. ఆరబోసిన కాఫీ పళ్లు చిటచిటమన్నాయి. అరుగు మెట్టు దగ్గర ఆగింది... అక్కడే ఆగేది ఆవిడ ఎప్పుడూ. ఆయాసం తీర్చుకోవడానికి. మోకాళ్లు కదా. 

చెయ్యి మంచం కిందికి పోనిచ్చాను. కర్ర ఉంది. పేపరు ఉంది. పురికొస ముడి ఉంది.

కర్ర నా చేతిలో ఉంటే... బయట టక్ మన్నదేమిటి?

అది మెట్టెక్కలేదు. పక్కకి తిరిగింది, జీపు వైపు. కొంతసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత చిన్నగా... కిర్ర్... మని, తలుపు పైకి లేచిన చప్పుడు. ఒక క్షణం ఆగింది. లోపలికి లాగిన చప్పుడు. ధబ్.

ఎత్తి, లాగి. ఎత్తి... లాగి.

తర్వాత, ఇనుము మీద.

టక్... టక్.

అప్ప దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మొహం పాలిపోయింది.

"ఏటి సేసినావు నాయినా? దారంతా సదివేసినావు. నాను వంటింట్లోంచి ఇన్నాను. ఇంకొక్కరు రండని కూడా పిలిసినావు!"

"అలవాటప్పా... నోటి అలవాటు. నీకూ ఇనబడినాదా?"

"ఏల ఇనబడదు? నలబై ఏళ్లు ఇన్న కర్ర." నా చొక్కా పట్టుకుంది.  "బండి కదపకు. నీ కాల్లట్టుకుంటాను. నాను పోయినాక ఆ రాయి పక్కనే నా రాయి ఎట్టమని మావోల్లకి సెప్పినాను. పక్కన అమ్మ లేకపోతే అక్కడ నాకేటి తోస్తాది?"

చొక్కా విడిపించుకున్నాను. దీపం తీసుకుని దిగాను. పది అడుగుల దూరం. పది అడుగులకీ పది చెమట్లు పట్టాయి. మంచు ముద్దగా ఉంది. జీపు ఎడమ తలుపు వేసి ఉంది. సాయంత్రం బియ్యం బస్తాని ఆ వైపు నుంచే రెండు చేతులా దించాను. ఆ తలుపు వేయకుండా వదిలేశాననే నా గుర్తు. వేశానేమో... లేదు, వేయలేదు. ఏమో.

సీటు ఖాళీ.

సినిమాల్లోలాగా మల్లెపూల వాసనలేం రాలేదు. డీజిలు వాసన, కాఫీ బస్తాల పులుపు వాసన, అంతే. నా సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఎందుకెక్కానో అడగకండి. ఎక్కగానే భయం పోయింది. ఏడుపొచ్చింది. అన్ని సాయంత్రాలు, అన్ని ప్రయాణాలు వేసుకున్నామే... బండి ఎక్కడానికి ఇప్పటికి కుదిరిందా ఆవిడకి?

ఖాళీ సీటుతో అన్నాను, "అమ్మా, టికెట్టు పై నెలదే. ఇంకా టైముంది."

బుర్ర ఉన్నవాడు అనే మాటేనా అది? కానీ అదే అన్నాను.  టక్ మనలేదు. తెల్లారేదాకా తాళం ముట్టుకోకుండా అలాగే కూర్చున్నాను. పొద్దున్న అప్ప వేడి కాఫీ తెచ్చింది. రెండు గ్లాసులు. ఒకటి నాకిచ్చి, రెండోది ముందు సీటు మీద పెట్టింది. చాలాసేపు ఆ సీటు వైపే చూసింది.

"పోనీ నాయినా, ఎల్లి సూసి రానీ" అంది చివరికి. "ఎన్నేళ్లు కలవరించినాదో నాకు తెల్దా? కానీ నువ్వు ఒట్టినే తిరిగి రాకు. ఆ వంతెన మీద నిలబడి దారి ఎనక్కి సదువు. పచ్చ తలుపు కాణ్నించి నా గుమ్మం దాకా. ఒక్క పేరు కూడా ఒగ్గీకు. సదివి, అలగే పిలు, ఇంకొక్కరని."

సరేనన్నాను. నాకు తెలియకుండానే అరచేతిలో ఉమ్మాను. అప్ప కూడా ఉమ్మింది. చేతులు చరుచుకున్నాం.

అది జరిగింది. మీరు కొండపిల్లి అనండి, దొంగ అనండి, ముసలిదాని భ్రమ, డ్రైవరు నిద్రమత్తు అనండి. కొండపిల్లికి నా తలుపు కిటుకు ఎవరు చెప్పారో మీరే చెప్పాలి. పెద్ద డౌటు నాకూ ఉంది, తలుపు నేనే వేసి ఉండొచ్చు. కానీ అప్పకీ వినబడింది కదా అంటాను. మళ్లీ, అప్పకి ఈ మధ్య కాస్త చెముడు కదా అని నేనే అంటాను.

పై వారం ప్రయాణం. వెనక్కి దారి బట్టీ పట్టేశాను. పచ్చ తలుపు, వంతెన, రొట్టెల కొట్టు, గడియారం... అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, అప్ప గుమ్మం. ఇలా ముక్కలుగా తప్ప పైకి అనడం లేదు, మనసులోనే. అక్కడ వంతెన మీద నిలబడి అరుస్తాను, మాట ఇచ్చాను కాబట్టి. ఇంకొక్కరు, ఇంకొక్కరొస్తే కదిలిపోతాది అని.

అరిచాక ఆ కర్ర చప్పుడు నా వెనకే రావాలని కోరుకోనా? నలభై ఏళ్లకి ఇల్లు చేరిన మనిషి అక్కడే ఉండిపోవాలని కోరుకోనా? ఇక్కడ అప్ప రోజూ గుమ్మం ఊడ్చి, నీళ్లు చల్లి కూర్చుంటోంది.