పెరట్లో పరిచిన ఇసుక

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాది గుంటూరు. నాన్న లెక్కల మాస్టారు, అమ్మ నర్సు. హాస్టల్లో అమ్మాయిలు దయ్యాల కథలు చెప్పుకుని దుప్పట్లు ముసుగేసుకుంటే, లేచి వెళ్ళి లైటు ఆర్పి వచ్చేది నేనే. ఆ ధైర్యానికి మా అమ్మ మొండితనం అని పేరు పెట్టింది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది ఇన్నాళ్ళూ దాచుకున్నది భయపడి కాదు. సిగ్గుపడి.

కోవిడ్ తర్వాత మన పిల్లలు విమానాల నిండా కెనడా వచ్చిన రోజుల్లో నేనూ వచ్చాను. అంటారియోలో కేంబ్రిడ్జ్ అనే ఊరు. మొదటి నెల ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురు అమ్మాయిలం, మూడు పరుపులు, ఒక బాత్‌రూమ్. పొద్దున క్లాసుకు వెళ్ళాలంటే చీకటితోనే లేచి బాత్‌రూమ్ ముందు వరసలో నిలబడాలి. ఆ అవస్థ చూసి చర్చిలో ఒకావిడ జాలిపడింది. వెల్టా అనే పెద్దావిడ ఒంటరిగా ఉంటోందనీ, మేడ మీద గది ఖాళీగా ఉందనీ, కాస్త తోడుంటే చాలంటోందనీ చెప్పింది. ఆ వారమే పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయాను.

వెల్టా ఆంటీకి ఎనభై అయిదేళ్ళు. ఆంటీ అని పిలిస్తే మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది, తర్వాత అలవాటుపడింది. పుట్టింది లాట్వియాలో. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉండే చిన్న దేశం అది, వచ్చేదాకా నేను పేరు కూడా విన్లేదు. ఆరేళ్ళ వయసులో, యుద్ధంలో, వాళ్ళమ్మ ఆమెను పడవెక్కించి జర్మనీ తీసుకెళ్ళిందట. అక్కడ కొన్నేళ్ళు శరణార్థుల శిబిరంలో ఉండి, తర్వాత కెనడా వచ్చారు. నేను స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ అని గోల పెడుతుంటే, తను మెడలో నంబరు చీటీ తగిలించుకుని ఓడ దిగిన సంగతి చెప్పి నవ్వేది. నా గోల అక్కడితో ఆగిపోయేది.

ఆమె భర్త పేరు యానిస్. ఆయనా లాట్వియా నుంచి వచ్చినవాడే. తొమ్మిదేళ్ళ క్రితం పోయాడు. అప్పటికి వాళ్ళుండేది హామిల్టన్‌లో. అంత పెద్ద ఇల్లు చూసుకోలేక, నేను చేరడానికి నెల ముందే ఆ ఇల్లు అమ్మేసి ఈ చిన్న ఇంటికి వచ్చింది. ఆయన సమాధి ఇక్కడికి గంట దూరంలో ఉంది. ఆ శ్మశానంలో ఒక మూల లాట్వియా వాళ్ళది.

వాళ్ళకొక పద్ధతి ఉంది. సమాధి చుట్టూ గడ్డి పెంచరు, ఇసుక పరుస్తారు. వెళ్ళినప్పుడల్లా ఆ ఇసుకను దువ్వెనలా పళ్ళున్న చిన్న దంతెతో గీతలు గీతలుగా దువ్వుతారు. దువ్వుతూ వెనక్కి నడుస్తారు, తమ అడుగులు మిగలకుండా. తర్వాత ఎవరొచ్చినా ఆ ఇసుక మీద తెలిసిపోతుంది. నవంబరు అంటే వాళ్ళకు పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చే కాలం. సమాధుల మీద దీపాలు పెడతారు. ఇంట్లో వాళ్ళ పేర ఒక పళ్ళెం వడ్డించి, తలుపు గడియ తీసి ఉంచుతారు. పళ్ళెం సంగతి పాస్టరు గారి దగ్గర అనకు అని ఆమె నాకు ముందే చెప్పింది.

నాకిందులో వింతేమీ కనిపించలేదు. ఆమెలాగే మేమూ లూథరన్ చర్చివాళ్ళమే. ప్రతి నవంబరులో సమాధుల పండుగకు మా తాతయ్య సమాధికి సున్నం కొట్టి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. గాలికి ఆరిపోకుండా కొవ్వొత్తి చుట్టూ చేతులడ్డం పెట్టడం చిన్నప్పుడు నా డ్యూటీ. ఆ మాట చెప్పినప్పుడు వెల్టా ఆంటీ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఇంట్లో పిల్లలాగే చూసింది. నేను చేసిన పని గుర్తొచ్చినప్పుడల్లా ముందు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

అక్టోబరులో ఆమె పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. వాకర్ పట్టుకుని గదిలో నుంచి బాత్‌రూమ్‌కీ, వంటింటికీ వెళ్ళడమే గొప్ప. వెనక గుమ్మం నుంచి పెరట్లోకి మూడు మెట్లున్నాయి, అవి దిగడం ఆమె వల్ల కాదు. ఇక సమాధి దగ్గరికి ఎలా వెళ్తుంది? నన్నడిగింది.

మాట్లాడింది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. "ఈ ఇల్లు ఆయనకు తెలీదమ్మా. నేను మారానని వెళ్ళి చెప్పలేదు, ఈలోపు పడ్డాను. హామిల్టన్ ఇంటికెళ్ళి చూస్తే ఎవరో కొత్తవాళ్ళుంటారు. నువ్వెళ్ళి దీపం పెట్టి, నేనిక్కడ ఉన్నానని చెప్పు. వచ్చే ఏడాదికి నేనుంటానో లేదో. ఈ ఒక్కసారి వస్తే చాలు."

దువ్వడం నేర్పడానికి నా ఉప్మా రవ్వే పళ్ళెంలో పోయించి, ఫోర్కు ఇచ్చి గీయించింది. బియ్యంలో అక్షరాలు దిద్దించినట్టు పక్కన కూర్చుని దిద్దించింది. గీత వంకర పోతే చెరిపించి మళ్ళీ గీయించింది. యానిస్ గారు చెక్కతో చేసిన దంతె, ఎర్ర గాజు గిన్నెలో కొవ్వొత్తి నా సంచిలో పెట్టింది. ఆదివారం తప్పకుండా వెళ్తానని మాటిచ్చాను.

ఆదివారం నేను పనిచేసే వేర్‌హౌస్‌లో షిఫ్టు పడిందని రాయొచ్చు. మూడేళ్ళుగా నాకు నేను చెప్పుకున్నది అదే. షిఫ్టు లేదు. నాతోపాటు పనిచేసే శ్రవణ్ అన్న, నిజామాబాద్ అతను, కారు తీస్తానన్నాడు. దారిలో మిస్సిసాగాలో ఫ్రెండ్స్ కలుస్తున్నారు, బిర్యానీ తిని అటే వెళ్దామన్నాడు. మిస్సిసాగా అసలు ఆ దారిలోనే లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా సరేనన్నాను. నెలల తర్వాత మన తిండి, మన మాటలు, నవ్వులు. గడియారం చూస్తూనే ఉన్నాను, లేవబుద్ధి కాలేదు. లేచేసరికి నాలుగున్నర. నవంబరులో అప్పటికే వెలుతురు వాలిపోతుంది.

"అయ్యో చెల్లే, ఇప్పుడు పోయినా గేటు బంద్ చేస్తరంట. ఆమెకేం తెలుస్తది, వచ్చే వారం పోదాం తీ," అన్నాడు శ్రవణ్ అన్న. అతన్ని అనడానికేం లేదు. మాటిచ్చింది అతను కాదు.

ఇల్లు చేరాక ముందు గుమ్మంలోంచి వెళ్ళి ఆమె మొహం చూడలేకపోయాను. పక్కనుంచి పెరట్లోకి వెళ్ళాను. గరాజ్‌లో, చలికాలం దారి మీద గడ్డకట్టిన మంచుపై చల్లడానికి కొన్న ఇసుక బస్తా ఉంది. దాన్ని లాక్కొచ్చి గరాజ్ వెనక కంచె పక్కన ఒక మంచమంత మేర పరిచాను. పెరటి లైటు వెలుతురులో దంతెతో దువ్వాను, వెనక్కి నడుస్తూనే. మధ్యలో ఎర్ర గిన్నె పెట్టి కొవ్వొత్తి వెలిగించాను. ఇసుక, దీపం తప్ప ఇంకేమీ పడకుండా ఫోను వంచి ఫోటో తీశాను. అబద్ధంలో ఒక్క ముక్కైనా నిజం ఉండాలనిపించి, కాస్త పైకే అన్నాను. "యానిస్ గారూ, వెల్టా ఆంటీ ఈ ఇంట్లోనే ఉంటోంది. మిమ్మల్ని రమ్మంది." అని నాకే నవ్వొచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

ఆమె ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసింది. వెనక్కి నడిచావా అని అడిగింది. నడిచానన్నాను. చెప్పావా అంది. చెప్పానన్నాను. అంతకు మించి ఏమీ అడగలేదు. వంటింటి బల్ల మీద ఆయనకు పళ్ళెం పెట్టించింది. ఉడికించిన బఠాణీలు, షాజీరా వేసిన నల్ల రొట్టె. వెనక తలుపు గడియ నాచేత తీయించింది.

మర్నాడు ఏడింటికి, ఆమె లేవకముందే ఆ ఇసుక ఎత్తేద్దామని చీపురు, చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. తెల్లగా వెలుతురొచ్చింది. రాత్రి వాన లేదు, మంచు పడలేదు. కొవ్వొత్తి ఆరిపోయి ఉంది. ఇసుక మీద అడుగులున్నాయి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ ఇసుక బస్తాలోంచి తీసింది, కాస్త తడి ఉంది, ముద్ర బాగా పడింది. మొత్తం అయిదు అడుగులు. మొదటి రెండూ కొవ్వొత్తి పక్కన జంటగా, ఎవరో నిలబడినట్టు. మిగతా మూడూ ఇంటి వైపు. ఇసుక లోపలికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. చెప్పులు లేని పాదాలు, మగవాళ్ళవంత పెద్దవి. కుడి పాదం మామూలుగా ఉంది. ఎడమ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు. ఎడమ అడుగు పడిన ప్రతిచోటా అంతే. ఇసుక దాటితే సిమెంటు దారి, దాని మీద ఏమీ లేదు. వెనక మెట్లలో పై మెట్టు మీద మాత్రం చిటికెడు ఇసుక ఉంది.

నిజం చెప్పాలంటే నాకొచ్చిన మొదటి ఆలోచన ఆత్మ గురించి కాదు. ఇది ఆమె చూస్తే నా అబద్ధం బయటపడుతుందనే. ఫోటో కూడా తీయలేదు. గబగబా ఊడ్చేసి, ఇసుకంతా బస్తాకెత్తేశాను. పై మెట్టు మీది చిటికెడూ చేత్తో తుడిచేశాను.

లోపలికి వస్తే వెల్టా ఆంటీ వంటింట్లో ఉంది. తల దువ్వుకుని, మంచి బ్లౌజు వేసుకుని, పళ్ళెం ఎదురుగా కూర్చుంది. పళ్ళెంలోవి అలాగే ఉన్నాయి.

"తెల్లవారుజామున వెనక తలుపు తెరుచుకున్నట్టు వినిపించింది," అంది. "లేచేసరికి ఎవరూ లేరు. బయట నీకేమైనా కనిపించిందా?"

"ఏమీ లేదాంటీ. గాలి అయ్యుంటుంది," అన్నాను.

ఆమె నా చేతిలో చీపురు వైపు చూసింది. "అలాగా," అంది. బఠాణీలు తనే డబ్బాలోకి తీసింది. తలుపు గడియ పెట్టేయమంది. ఆ తర్వాత ఆయన గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు, ఎప్పటిలాగే నా చపాతీలు వంకర అని వెక్కిరించేది. అలా వెక్కిరించిన ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. పరీక్షలు అయ్యాక, క్రిస్మస్ అయ్యాక అనుకుంటూ వచ్చాను. మార్చిలో ఆమె నిద్రలోనే పోయింది.

కొడుకు పీటర్ గారు వాంకూవర్ నుంచి వచ్చారు, అరవై ఏళ్ళాయన. ఆమెను యానిస్ గారి పక్కనే పెట్టారు. మర్నాడు ఇల్లు సర్దడానికి ఆయనకు సాయం చేశాను. బీరువా అడుగున ఒక జత మగవాళ్ళ బూట్లు కనిపించాయి. ఎడమ బూటు ముందు భాగంలో ఒక పక్కగా ఊలు కుక్కి ఉంది. నేను ఆ బూటు తీసి లోపలి ఊలు వేళ్ళతో తడిమి చూశాను. నాకేదో అర్థం కాలేదనుకుని ఆయనే చెప్పారు. వాళ్ళ నాన్న కుర్రతనంలో కెనడా వచ్చిన కొత్తలో, ఉత్తరాన అడవుల్లో చెట్లు కొట్టే పనిలో పెట్టారట. ఆ చలికి రెండు వేళ్ళు పోయాయట. ఇంటికెవరైనా వస్తే సాక్సు తీయడానికి సిగ్గుపడేవాడట. అందుకే ఆ సంగతి బయటివాళ్ళెవరికీ తెలీదన్నారు. వెల్టా ఆంటీ నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన ఫోటోల్లో ఎక్కడా పాదాలు లేవు, తర్వాత అన్నీ వెతికి చూశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పీటర్ గారు నాకు థ్యాంక్స్ చెప్పారు. ఎందుకని అడిగాను.

"పెరట్లో నాన్న కోసం ఇసుక పరిచావట కదా. అమ్మ బాత్‌రూమ్ కిటికీలోంచి చూసిందట. ఫోన్లో చెప్పింది. 'నేను వెళ్ళలేనని ఈ పిల్ల సమాధినే ఇంటికి తెచ్చింది' అని మురిసిపోయింది. మర్నాడు మాత్రం కొంచెం డల్‌గా ఉంది. అడుగులేమైనా పడ్డాయేమోనని ఆశపడిందట. నువ్వు చూసి ఏమీ లేవన్నావట. 'అయితే ఆయన రాలేదులే' అంది."

బూటు అట్టపెట్టెలో పెట్టాను. ఆయనకు కూడా చెప్పలేదు. మొత్తంగా ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ అడుగులు ఎవరివో నేను తేల్చలేను. వాకర్ లేకుండా నిలబడలేని మనిషి మెట్లు దిగలేదు. పక్కింటివాళ్ళెవరైనా కంచె దూకారనుకుంటే, ఇసుక మధ్యలోంచి ఎలా మొదలయ్యారు? ఆ వేళ్ళ సంగతి ఎవరికి తెలుసు? శ్రవణ్ అన్నకు ఎవరికో జరిగినట్టు, పేర్లు లేకుండా ఒకసారి చెబితే నిద్ర సరిపోక అలా కనిపించి ఉంటుందన్నాడు. కావచ్చు. దయ్యాలంటే నమ్మకం లేదనే ఇప్పటికీ అంటున్నాను, కానీ ఆ మాట ఇదివరకటంత గట్టిగా రావడం లేదు.

పీటర్ గారు ఆ దంతె నాకే ఇచ్చేశారు. ప్రతి నవంబరులో బస్సులు రెండు మారి వెళ్తాను. ఇద్దరికీ దీపం పెట్టి, ఉన్నదంతా చెబుతాను. ఆయన వచ్చాడాంటీ, మీ గుమ్మం దాకా వచ్చాడు, నేనే ఊడ్చేశాను అంటాను. తర్వాత ఆమె నేర్పినట్టే వెనక్కి నడుస్తూ నా అడుగులు చెరిపేసి వస్తాను.